అద్దె ఇల్లు – ఆకుపచ్చని కిరణం

హైదరాబాదు నగరానికి ఈశాన్యపు అంచున, ఇ.సి.ఐ.ఎల్. కూడలి దాటి కీసర దిక్కుగా సాగిపోయేవారికి దమ్మాయిగూడ తగులుతుంది. రెండు తరాల కిందట ఇది పొలాలు, రాళ్లగుట్టలు గల పల్లె. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, 1971లో అణు ఇంధన సముదాయం ఈ ప్రాంతంలో వెలసిన తరువాత ఉద్యోగస్థులు ఒక్కొక్కరే ఈ దిక్కున స్థలాలు కొనుక్కోసాగినారు. తరువాత ఉప్పల్‌లోను, పోచారంలోను సాఫ్టువేరు కార్యాలయాలు లేచినవి. 2017 నవంబరులో నాగోలు నుంచి ఉప్పల్ మీదుగా మెట్రోరైలు నడవసాగినది. పొలాలు కాలనీలైనవి, కాలనీలలో మేడలు లేచినవి, మేడల మీద అద్దెకిచ్చే వాటాలు వెలసినవి. జవహర్‌నగర్ చెత్తగుట్ట మీదుగా గాలి తిరిగిన సాయంకాలాలలో కిటికీలు మూసుకొనవలసి రావడం తప్ప, ఈ ఊరిలో సంసారి మనిషికి పెద్ద చిక్కులేమీ లేవు.

‘సంసారి మనిషికి’ అన్న మాట కావాలనే వాడినాను.

ఈ కాలనీలలో తిరిగేవారికి ప్రతి వీధిలోను రెండు మూడు గేట్లకు వేలాడే అట్టలు కనబడతాయి. మీద ‘టులెట్’ అని ఉంటుంది. దాని కింద, మరికొంచెం పెద్ద అక్షరాలతో, ‘ఫ్యామిలీకి మాత్రమే’ అని ఉంటుంది. మా ఇంటి గేటుకు కూడ అటువంటి అట్ట ఒకటి వేలాడుతూ ఉండేది. ఆ రెండవ పంక్తి రాసినవాడను నేనే. ఎందుకు రాసినావని ఎవరైనా అడిగి ఉంటే జవాబు చెప్పలేకపోయేవాడను. అందరూ రాస్తున్నారు గనుక రాసినాను.

ఒక చలికాలపు ఆదివారం నాడు ఒక స్త్రీ వచ్చి గేటు తట్టినది. ముప్పైనాలుగు, ముప్పైయైదేళ్లుంటాయి. పోచారం వైపు ఏదో కార్యాలయంలో ఉద్యోగం. పైవాటా చూసినది. నీళ్లెట్లా వస్తాయి, బండి పెట్టుకోవడానికి చోటున్నదా అని అడిగినది. అద్దె, అడ్వాన్సు ఒప్పుకొన్నది. అంతా కుదిరినదనుకొన్న క్షణంలో మా ఇంటావిడ అడగవలసిన ప్రశ్న అడిగినది.

“మీ వారు ఏం చేస్తుంటారమ్మా?”

“నేనొక్కదాన్నే ఉంటానండీ.”

“అమ్మానాన్నలు వచ్చి ఉంటారా మరి?”

“పండుగలకు వస్తారాంటీ. మిగతా రోజులు ఒక్కదాన్నే.”

అప్పుడు నేను నోరు విప్పి, “ఇంట్లో ఒకమాట అనుకొని కబురు చేస్తామమ్మా” అన్నాను. ఇంట్లోవాళ్లం ఇద్దరమూ అక్కడే నిలబడి ఉన్నాము. అనుకోవడానికి లోపల మూడోమనిషి లేడు. ఆమెకది తెలిసినది. చిన్నగా నవ్వి “సరేనండీ” అని తన టెలిఫోను నంబరు ఇచ్చి వెళ్లిపోయినది. ఆ నవ్వు అంతకుముందు చాలా గేట్ల దగ్గర నవ్వి అలవాటు పడిన నవ్వు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ అమ్మాయిని చూసినప్పటినుంచి మా మేనకోడలు జ్ఞాపకం వస్తూనే ఉన్నది. మా చెల్లెలి కూతురు, ముప్పైయారేళ్లది, పూణేలో ఉద్యోగం. పెళ్లి చేసుకోలేదు. రెండేళ్లుగా బంధువుల పెళ్లిళ్లకు రావడం మానుకొన్నది. ఆమె కూడ ఎక్కడో ఒక గేటు ముందు ఇట్లాగే నవ్వి వెనుదిరిగి ఉంటుంది గదా అనిపించినది. అంతకు కొన్ని నెలల ముందు ఆ పిల్ల ఒక చలనచిత్రం పేరు పంపించి, “మామయ్యా, ఇది తీరిగ్గా చూడు” అని ఒక ముక్క రాసినది. చూతాములే అని ఊరుకొన్నాను. ఆ రాత్రి చూసినాను.

చిత్రమూ, చిత్రకారుడూ

ఆ చిత్రం ఫ్రెంచి భాషలోనిది. పేరు ‘ల రెయోఁ వేర్’. ఆకుపచ్చని కిరణం అని అర్థం. 1986లో వచ్చినది. ఆ సంవత్సరమే వెనిస్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమానమైన స్వర్ణసింహాన్ని గెలుచుకొన్నది. దర్శకుడు ఎరిక్ రోమేర్. 1920లో పుట్టి 2010లో గతించిన ఈ మనిషి సినిమాలు తీయకముందు సినిమాలను గురించి రాసినవాడు. ఒక ప్రసిద్ధ సినిమా పత్రికకు సంపాదకత్వం వహించినవాడు. 1981 నుంచి 1987 వరకు ‘హాస్యాలు, సామెతలు’ అనే వరుసలో ఆరు చిత్రాలు తీసినాడు. ఈ చిత్రం వాటిలో అయిదవది.

హాస్యమన్నారు గదా అని కడుపుబ్బ నవ్వుదామని కూర్చునేవారికి ఆశాభంగం తప్పదు. ఇందులో పాటలు లేవు, విదూషకుడు లేడు, ప్రతినాయకుడసలే లేడు. ఒక స్త్రీ తన వేసవి సెలవులను ఎక్కడ గడపాలో తేల్చుకోలేక ఊరూరూ తిరగడమే కథ. తేదీలు తెరమీద పడుతూ ఉంటాయి. ఒక దినచర్య పుస్తకం తిరగవేస్తున్నట్లుంటుంది.

ఈ చిత్రం తీసిన పద్ధతి కూడ చెప్పుకోదగినది. రోమేరుకు అప్పటికి అరవై యేళ్లు దాటినవి. పేరు ప్రతిష్ఠలున్నవాడు. అయినా వేళ్లమీద లెక్కించదగిన మనుషులతో, చిన్న పదహారు మిల్లీమీటర్ల కెమెరాతో బయలుదేరినాడు. కెమెరా పట్టినది సోఫీ మేంతిన్యూ అనే యువతి. సంభాషణలు ముందుగా రాయలేదు. సన్నివేశమిదీ అని చెప్పి, మాటలు నటీనటులకే వదలిపెట్టినాడు. నాయిక పాత్ర ధరించిన మేరీ రివియేర్ తన మాటలు తానే కూర్చుకొన్నది. అరవై దాటిన పురుషుడు ముప్పై యేళ్ల ఒంటరి స్త్రీ మనస్సు తనకు పూర్తిగా తెలుసుననుకోలేదు. ఆమెనే మాట్లాడనిచ్చి తాను విన్నాడు. ఈ చిత్రానికి వచ్చిన సహజత్వానికి మూలం ఇదేనని నా నమ్మకం.

దెల్ఫీన్ కథ

దెల్ఫీన్ పారిస్ నగరంలో ఒక కార్యాలయంలో కార్యదర్శిని. ఒక స్నేహితురాలితో కలిసి గ్రీసు దేశం వెళదామనుకొన్నది. ప్రయాణానికి కొద్దిరోజుల ముందు స్నేహితురాలు రానన్నది. అంతకుముందే పెళ్లి చేసుకోవలసినవాడితో తెగిపోయినది. ఇక సెలవులకు ఎవరితో పోవాలి?

మన పాఠకులకు ఇది పెద్ద కష్టంగా తోచకపోవచ్చు. ఫ్రాన్సులో సంగతి వేరు. 1936లో అక్కడి ప్రభుత్వం పనివారందరికీ ఏటా రెండు వారాలు జీతంతో కూడిన సెలవు శాసనం చేసినది. అది పెరిగి పెరిగి 1982 నాటికి అయిదు వారాలైనది. ఆగస్టు వచ్చేసరికి పారిస్ ఖాళీ అవుతుంది. దుకాణాలు మూసుకొంటారు, జనం సముద్రానికో, కొండలకో తరలిపోతారు. అటువంటప్పుడు ఊళ్లో మిగిలిపోవడమంటే మనవద్ద సంక్రాంతినాడు తలుపు వేసుకొని కూర్చోవడం వంటిది. చూసినవారు ‘పాపం’ అనకుండా ఉండలేరు. హక్కుగా వచ్చిన సెలవు కాస్తా ఒంటరి మనిషికి పరీక్ష అయి కూర్చున్నది.

అందరూ దెల్ఫీనుకు సలహాలిస్తారు. అక్కగారి కుటుంబం తమతో రమ్మంటుంది. స్నేహితురాళ్లు చుట్టూ చేరి, నువ్వు నలుగురిలో కలవాలి, ప్రయత్నం చేయాలి, మొగుడు నడిచి ఇంటికి రాడు అన్న ధోరణిలో హితబోధ చేస్తారు. ఒకతె మరీ నిలదీస్తుంది. దెల్ఫీను తాను బాగానే ఉన్నానంటుంది. ఆ మాట అంటూ అంటూనే ఏడుస్తుంది.

ఒక స్నేహితురాలు దయదలచి షెర్‌బూర్ అనే రేవుపట్నంలోని తమవారింటికి తీసుకొనిపోతుంది. అక్కడ భోజనాల బల్ల దగ్గర జరిగే సన్నివేశం చూసి మా ఇంటావిడ, ఉపశీర్షికలు చదివే ఓపిక లేకపోయినా, పకపకా నవ్వినది. దెల్ఫీను మాంసం తినదు. ఆ ఇంటివారికిది అంతుబట్టని వింత. చేప కూడ తినవా? ఎందుకు తినవు? ప్రాణమున్నదని ఆకుకూరలెట్లా తింటావు? ఒకరి తరువాత ఒకరు అడుగుతారు. ఎవరి గొంతులోను ద్వేషం లేదు. కుతూహలం, అతిథి కడుపు నిండదేమో అన్న బెంగ, అంతే. ఆమె ఓపికగా జవాబు చెబుతూ చెబుతూ చివరకు తనలో తాను ముడుచుకొనిపోతుంది. ఉయ్యాల ఎక్కదు, పడవ ఎక్కదు. పిల్లలతో కాసేపు ఆడుతుంది. ఒంటరిగా పొలాల గట్లమీద నడుస్తూ, గాలికి చెట్లు ఊగుతూ ఉంటే ఉన్నట్టుండి కంటతడి పెట్టుకొంటుంది. స్నేహితురాలు తిరిగి పోతుంటే తానూ పారిస్ చేరుకొంటుంది.

తరువాత కొండలకు పోయి అదేరోజు వెనుదిరుగుతుంది. మళ్లీ దక్షిణాన బియారిట్జ్ అనే సముద్రతీరానికి పోతుంది. అక్కడ స్వీడను దేశపు పిల్ల ఒకతె పరిచయమై, ఒంటరితనం ఒక సమస్యే కాదని, మగవారిని ఆడించడమొక ఆట అని బోధిస్తుంది. ఇద్దరు యువకులను మాటలలో దింపి బల్ల దగ్గరకు తెస్తుంది కూడాను. దెల్ఫీను లేచి పరుగెత్తి పారిపోతుంది. మర్యాదస్థుల సలహా ఆమెకు సరిపడలేదు. స్వేచ్ఛాజీవి సలహా కూడ సరిపడలేదు. ఆమెకు కావలసినది ఆ రెండు దుకాణాలలోను దొరికే సరుకు కాదు.

ఎవరిది తప్పు?

నిజం చెప్పాలంటే దెల్ఫీన్ మనకు విసుగు పుట్టిస్తుంది. ఎక్కడికి పొమ్మన్నా పోదు, పోయినచోట నిలువదు. ‘ఈ పిల్లకు ఏం కావాలి?’ అని చూసేవాడు తలపట్టుకొంటాడు. సగం చిత్రం గడిచేసరికి నేను కూడ మనస్సులో ఆమెకు సలహాలు ఇవ్వసాగినాను. అప్పుడు తెలిసినది, నేనూ ఆ భోజనాల బల్ల దగ్గర కూర్చొని ఉన్నానని. చూసేవాణ్ణి సలహాదారుల పక్కన కూర్చోబెట్టి, ఆ తరువాత వాడి మాటలు వాడికే వినిపించడం ఈ చిత్రంలోని హాస్యం. మన లాక్షణికులు హాస్యాన్నీ కరుణాన్నీ వేరువేరు రసాలుగా లెక్కించినారు గాని, ఈ భోజనాల బల్ల మీద రెండూ ఒకే పళ్లెంలో వడ్డించబడినవి.

దెల్ఫీనును ఎవరూ హింసించలేదు. ఇల్లున్నది, ఉద్యోగమున్నది, బంధువులు మంచివారు. మరి ఆమె దుఃఖమేమిటి? ఆమె బతుకును చుట్టుపక్కలవారు బతుకుగా లెక్కించరు. ఏదో రావలసినదానికోసం ఆగి ఉన్న బండిగా లెక్కిస్తారు. ఆగిన బండిని తోయడానికి ప్రతివాడూ ఒక చేయి వేస్తాడు. అది దయే. కాని పొద్దున లేచినది మొదలు దయకు జవాబు చెప్పుకొంటూ ఉండవలసి రావడమంత అలసట మరొకటి లేదు.

మా మేనకోడలు ఎందుకు పెళ్లిళ్లకు రావడం మానుకొన్నదో అప్పుడు నాకు కొంచెం బోధపడినది. ప్రతి పెళ్లి పందిట్లోను, విస్తరి ముందు కూర్చున్న ఆ పిల్లను “ఏమ్మా, మన పప్పన్నం ఎప్పుడు?” అని మొట్టమొదట అడిగేవాడను నేనే. ప్రేమతోనే అడిగేవాడను.

మన మిస్సమ్మ

ఇటువంటి కథ మనకు లేదా అని ఆలోచించగా, దెల్ఫీనుకు ముప్పైయొక్క ఏళ్ల ముందే పుట్టిన అక్క ఒకతె జ్ఞప్తికి వచ్చినది. ఆమె పేరు కూడ మేరీయే. 1955 జనవరిలో విజయా సంస్థ విడుదల చేసిన ‘మిస్సమ్మ’.

చక్రపాణి గారు ఒక బెంగాలీ హాస్య కథను తెలుగు చేసుకోగా, పింగళి నాగేంద్రరావు గారు మాటలు, పాటలు రాయగా, ఎల్.వి. ప్రసాద్ గారు దర్శకత్వం వహించిన ఈ చిత్రాన్ని ఎరుగని తెలుగువారుండరు. మేరీగా సావిత్రి, ఎం.టి. రావుగా రామారావు, జమీందారు గోపాలంగా రంగారావు, సీతగా జమున, అప్పటికే పెద్ద నాయకుడై ఉండి కూడ డిటెక్టివు రాజుగా హాస్యపాత్ర ధరించిన నాగేశ్వరరావు – వీరందరూ మన ఇళ్లలో మనుషులై చాలాకాలమైనది. రావు వేషం వేసిన రామారావు గారు తరువాతి కాలంలో, 1976లో, మా దమ్మాయిగూడకు అంత దూరంలో లేని నాచారంలో రామకృష్ణా స్టూడియో నెలకొల్పినారు. ఆ విధంగా మిస్సమ్మ మా తట్టు బంధువే అనుకోవచ్చును.

ఈ కథను మనం ప్రేమకథగా, హాస్యకథగా చూసి ఆనందించినాము. దాని మొదలెక్కడున్నదో మరచిపోయినాము. దాని మొదలొక ప్రకటన. అప్పాపురంలోని బడికి ఉపాధ్యాయులు కావాలి, పట్టభద్రులై ఉండాలి, భార్యాభర్తలై ఉండాలి! మేరీ చదువుకొన్నది. పని చేయగలదు. తలిదండ్రుల అప్పు తీర్చవలసిన బాధ్యత నెత్తిన ఉన్నది. అప్పిచ్చిన డేవిడ్ బాకీకి బదులు పెళ్లి అంటూ వెంటపడుతున్నాడు. ఉద్యోగానికి కావలసినవన్నీ ఉన్నవి, ఒక్క మొగుడు తప్ప. అందుచేత ముక్కూమొగమూ ఎరుగని ఒక నిరుద్యోగిని మొగుడని చెప్పుకొని పోవలసి వచ్చినది.

ఆ ప్రకటనకూ, నా గేటుకు వేలాడిన అట్టకూ తేడా ఏమిటి? జమీందారు గోపాలం చెడ్డవాడు కాడు, వెన్నవంటి మనస్సు. ఆయన అటువంటి షరతు పెట్టడంలో దురుద్దేశం లేదు. నాకూ లేదు. కాని మంచివాడు పెట్టిన షరతు కూడ తలుపు దగ్గరకు వచ్చేసరికి గడియే అవుతుంది. మేరీ అబద్ధమాడి లోపలికి వచ్చినది. మా గేటు దగ్గరకు వచ్చిన స్త్రీ నిజం చెప్పి వెనుదిరిగినది. చదువులో, సంపాదనలో స్త్రీలు ఎంతో ముందుకు వచ్చిన ఇన్నేళ్ల తరువాత కూడ, అబద్ధానికే తలుపు తెరుచుకొంటున్నదంటే, సిగ్గుపడవలసినది తలుపువారు గాని తట్టినవారు కాదు.

అప్పాపురం చేరిన తరువాత మేరీ పడే పాట్లు చూడండి. జమీందారు దంపతులకు తప్పిపోయిన పెద్దకూతురు మహాలక్ష్మి ఈమెలో కనబడుతుంది. వారి ఆప్యాయత ఆమెకు ఊపిరి సలపనివ్వదు. ఆమె విసుక్కుంటుంది, కోపగించుకొంటుంది, లేచిపోతానంటుంది. సీతతో రావు చనువుగా ఉంటే లోలోపల ఉడికిపోతుంది; ఉడుకుతున్నానని ఒప్పుకోదు. సావిత్రి ఆ చిరాకును ఎంత ముద్దుగా చూపినదంటే, అది ముద్దు కాదని, నిజంగా ఇరుకున పడిన మనిషి చిరాకని మనకు తట్టనే లేదు. షెర్‌బూర్ భోజనాల బల్ల దగ్గర దెల్ఫీన్ పడిన అవస్థ, అప్పాపురం బంగళాలో మేరీ పడిన అవస్థ ఒకటే. ఇద్దరినీ ఉక్కిరిబిక్కిరి చేసినది ఎదుటివారి మంచితనం.

ముగింపులు రెండు

మిస్సమ్మ ముగింపు అందరికీ తెలిసినదే. మేరీయే మహాలక్ష్మి అని తేలుతుంది. తప్పిపోయిన కూతురు ఇల్లు చేరుతుంది. నాటకపు మొగుడు నిజం మొగుడవుతాడు. శుభం. ఆ ముగింపులోని తీపిని నేను కాదనను. ఎన్నిసార్లు చూసినా కళ్లు చెమరుస్తాయి. కాని ఒక్క ప్రశ్న మిగిలిపోతుంది: మేరీ మహాలక్ష్మి కాకపోయి ఉంటే? ఆమె వట్టి మేరీయే అయి, రావును ఇష్టపడకపోయి ఉంటే, ఆమెకు అప్పాపురంలో ఉద్యోగం ఉండేదా? ఆ ప్రశ్నకు కథ జవాబు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రానివ్వలేదు.

ఆ ప్రశ్నను మరి అర్ధశతాబ్దానికి ఒక తెలుగు చిత్రం పైకి తీసినది. 2004లో శేఖర్ కమ్ముల తీసిన ‘ఆనంద్’లో రూప తలిదండ్రులు లేని పిల్ల, ఉద్యోగం చేసుకొని తన ఇంట్లో తాను బతుకుతున్నది. తల్లి చీర కట్టుకొని పెళ్లిపీటల మీద కూర్చోవాలన్న చిన్న కోరికను అత్తవారు లెక్కచేయకపోయేసరికి, ఆ పెళ్లినే కాదనుకొంటుంది. నాయకుడు రావడం తరువాతి మాట. ముందు ఒక చీర కోసం వద్దని అనగలగడమున్నది చూడండి, అది మేరీకి దొరకని అవకాశం. చూసిన జనం రూపను తప్పు పట్టలేదు, మెచ్చుకొన్నారు.

దెల్ఫీన్ దగ్గరకు తిరిగి వద్దాము. బియారిట్జ్ తీరాన కొందరు పెద్దలు కూర్చొని జూల్స్ వెర్న్ 1882లో రాసిన నవలను గురించి మాట్లాడుకొంటూ ఉంటారు. ఆ నవల పేరు కూడ ‘ఆకుపచ్చని కిరణం’. సూర్యుడు సముద్రంలో మునిగే ఆఖరి క్షణంలో ఒక్కొక్కప్పుడు ఆకుపచ్చని వెలుగు తళుక్కుమంటుంది. అది చూసినవారికి తమ మనస్సూ, ఎదుటివారి మనస్సూ తేటతెల్లమవుతాయని నవలలోని నమ్మకం. వెలుగు మాత్రం కల్పన కాదు. వాయుమండలం గాజుపట్టకం వలె సూర్యకాంతిని వంచుతుంది. ఎరుపుకన్న ఆకుపచ్చ, నీలం ఎక్కువగా వంగుతాయి. ఎర్రని అంచు ముందుగా మునిగిపోతుంది. నీలం గాలిలో చెదరిపోతుంది. మిగిలిన ఆకుపచ్చ ఒకటి రెండు క్షణాలు నిలుస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, దిగంతం అడ్డులేకుండా కనబడితేనే ఆ భాగ్యం.

వెర్న్ నవలలోని హెలీనా ఆ కిరణం చూసేవరకు పెళ్లి చేసుకోనని పట్టుపట్టినది. తీరా ఆ క్షణం వచ్చేసరికి ప్రియుని కళ్లలోకి చూస్తూ ఉండిపోయి కిరణాన్ని చూడనే లేదు. రోమేర్ ఇక్కడ దారి మార్చినాడు. సెలవులు ముగించుకొని, పారిస్ రైలుకోసం స్టేషనులో కూర్చొని, దొస్తోయెవ్‌స్కీ ‘ఇడియట్’ చదువుకొంటున్న దెల్ఫీనును ఒక యువకుడు పలకరిస్తాడు. కొయ్యపని చేసేవాడు, సాత్వికుడు. అతడు పక్క ఊరికి పోతున్నానంటాడు. అంతవరకు అందరి పిలుపులనూ కాదన్న మనిషి, ఎవరూ పిలవకుండానే, నేనూ రావచ్చునా అని తానే అడుగుతుంది. సాయంకాలం ఇద్దరూ సముద్రం వైపు తిరిగి కూర్చొంటారు. కొంతకాలం తనతో గడపమని అతడంటాడు. ఆమె జవాబు చెప్పదు, ఆగమంటుంది. సూర్యుడు మునుగుతాడు. ఆమె చూడదలచినది చూస్తుంది. అక్కడితో చిత్రం సరి.

పెళ్లి అయినదా? అతడు మంచివాడేనా? మరుసటి సెలవులకు ఏమైనది? తెలియదు. ఒంటరి స్త్రీ కథను చివరకు ఒక మగవాని పక్కన కూర్చోబెట్టే ముగించవలసి వచ్చినదా అని ఎవరైనా అంటే, ఆ ఆక్షేపణ న్యాయమే. దానికి నా సమాధానం ఇంతే: ఆమెను ఎవరూ అక్కడ కూర్చోబెట్టలేదు. ఎవరి సలహామీదా ఆమె అక్కడికి రాలేదు. ఇన్నాళ్లూ ఆమె పట్టింది మొండితనం అనుకొన్నాము. తనది కానిదానికి తలఊపకపోవడమని ఇప్పుడు తెలుస్తుంది. ఆమె కంటబడిన ఆకుపచ్చని వెలుగు కంటె, దానికోసం ఆగమని అనగలగడమే నాకు గొప్పగా తోచినది.

మా గేటు దగ్గర

మా దమ్మాయిగూడలో సముద్రం లేదు. సాయంకాలం సూర్యుడు నీళ్లట్యాంకుల వెనుక మునుగుతాడు. కాబట్టి మాకు కిరణాలేవీ కనబడలేదు. మరునాడు పొద్దున ఆమె ఇచ్చిన నంబరుకు నేనే టెలిఫోను చేసి, ఇల్లు ఇస్తామని చెప్పినాను. “ఇంట్లో అనుకొన్నారా అండీ?” అని అడిగినది. అందులో ఎత్తిపొడుపు ఉన్నదో లేదో నేటికీ నాకు తెలియదు. ఉన్నా నాకు తగినదే.

తలుపు తెరిచినంత మాత్రాన అంతా అయిపోయిందనుకొంటే పొరపాటు. మిస్సమ్మ నాకు నేర్పిన పాఠం తలుపు తెరవమని. దెల్ఫీన్ నేర్పిన పాఠం, తెరిచిన తరువాత గుమ్మంలో నిలబడి ప్రశ్నలు వేయవద్దని. రెండవది కష్టం. మొదటి నెలలోనే మా ఇంటావిడ కూరగిన్నె పట్టుకొని మెట్లెక్కి, తనకు తెలిసిన ఒక సంబంధం సంగతి ఎత్తినది. ఆమె నవ్వి గిన్నె తీసుకొన్నదట, మాట తీసుకోలేదట. పక్కింటివారు రాత్రి ఆమె ఎన్ని గంటలకు వస్తున్నదో నాకు చెప్పబోయినారు. మా ఇంట్లో అద్దెకున్నవారి వేళలు మాకు తెలుసునని మాత్రం అన్నాను. అది కూడ అబద్ధమే. ఎన్ని గంటలకు వస్తున్నదో నేను చూడటం లేదు. ఈసారి అబద్ధం ఆడవలసిన పని ఆమెకు కాక నాకు పడినది, అందుకు సంతోషించినాను.

మా మేనకోడలికి కూడ టెలిఫోను చేసినాను. చిత్రం చూసినానన్నాను. “ఎట్లా ఉంది మామయ్యా?” అన్నది. “ఆ పిల్లను అందరూ కలిసి అన్నం తిననివ్వలేదమ్మా” అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తరువాత చాలాసేపు మాట్లాడినది: తన కార్యాలయం సంగతి, కొత్తగా నేర్చుకొంటున్న ఈత సంగతి, తాను మారిన మూడు అద్దె ఇళ్ల సంగతి. పప్పన్నం మాట నేను ఎత్తలేదు. ఇన్నేళ్లలో ఆ పిల్లతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

గేటుకు ఇప్పుడు అట్ట లేదు. మళ్లీ ఎప్పుడైనా కట్టవలసి వస్తే దానిమీద ఒక్క పంక్తే ఉంటుంది.

మొన్న దసరా సెలవులకు పైవాటా ఆమె ఒక సంచి భుజాన వేసుకొని మెట్లు దిగినది. ఎక్కడికి, ఎవరితో అని మా ఇంటావిడ నోటి చివరివరకు వచ్చినట్లు నేను గమనించినాను. ఆవిడ ఒక్క క్షణం ఆగినది.

“ఎన్నాళ్లకు వస్తావమ్మా? పాలప్యాకెట్టు ఆపమని చెప్పనా?” అన్నది.

“అయిదు రోజులాంటీ. ఆపమని చెప్పండి” అని ఆమె గేటు దగ్గరగా వేసి వెళ్లిపోయినది.